గెర్ట్రూడ్ బెర్గ్ నటనా జీవితం: కర్తృత్వం, యాజమాన్యం (1929–1966)

వ్యాస సంగ్రహం

అమెరికన్ రేడియో, టెలివిజన్ తొలి దశల్లో ‘ద గోల్డ్‌బెర్గ్స్’ అనే కుటుంబ హాస్య ధారావాహికను సృష్టించి, రాసి, అందులో ప్రధాన పాత్రను తానే ధరించిన గెర్ట్రూడ్ బెర్గ్ ప్రసార జీవితాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రసార చరిత్రల్లో ఆమె ప్రధానంగా నటిగానే నమోదయ్యారు. ఆమె విషయంలో నటన, రచన అనేవి వేర్వేరు వృత్తులు కావని, ఒకే సృజన వ్యాపారానికి రెండు ముఖాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాఠం మీద ఆమెకు పూర్తి అధికారం ఉండేది కాని, ఆ పాఠం ప్రసారమయ్యే సమయం మీద ఉండేది కాదు. 1950–52 మధ్య జరిగిన నల్లజాబితా ఉదంతం ఈ వ్యత్యాసాన్ని బయటపెట్టింది. ఆమె తరువాతి విస్మరణకు గల కారణాల్లో కొన్ని కూడా ఇక్కడే కనిపిస్తాయి.

కీలక పదాలు: గెర్ట్రూడ్ బెర్గ్, సిట్‌కామ్, రేడియో నాటిక, పాత్రోచిత భాష, యిడ్డిష్ యాస, ప్రాయోజకులు, నల్లజాబితా, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం

సిట్‌కామ్ అన్న పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన సందర్భ హాస్య ధారావాహికకు మూలాలు అమెరికన్ రేడియోలో ఉన్నాయి. ఒకే కుటుంబం, ఒకే ఇల్లు, వారం వారం తలెత్తే చిన్న చిక్కు, అది విడిపోయే తీరు అన్న నిర్మాణం టెలివిజన్ పుట్టకముందే శ్రోతలకు పరిచితం. ఈ నిర్మాణాన్ని రేడియో నుండి టెలివిజన్‌కు తీసుకువచ్చిన తొలితరం వారిలో గెర్ట్రూడ్ బెర్గ్ ముఖ్యులు. అయినా ‘తొలినాటి టెలివిజన్ హాస్యనటి’ అనగానే సాధారణ పాఠకునికి గుర్తుకు వచ్చే పేరు లూసిల్ బాల్‌దే. బెర్గ్ పేరు ప్రత్యేక అధ్యయనాలకు పరిమితమైపోయింది.

ఈ విస్మరణకు అభిరుచిలో వచ్చిన మార్పు ఒక్కటే కారణమనడం సమంజసం కాదు. ఆమె జీవితాన్ని దశలవారీగా పరిశీలించినప్పుడు రెండు ప్రశ్నలు ముందుకు వస్తాయి. ఒక పాత్రను ఊహించి, దానికి మాటలు రాసి, ఆ మాటలను తన కంఠంతోనే పలికిన వ్యక్తిని నటిగా గుర్తించాలా, రచయిత్రిగా గుర్తించాలా అన్నది మొదటి ప్రశ్న. అంతటి సంపూర్ణ కర్తృత్వం ఉన్న వ్యక్తి తన నాటకంలోని సహనటుణ్ణి ఎందుకు నిలుపుకోలేకపోయారన్నది రెండవది. మొదటి ప్రశ్న సాహిత్య చరిత్రకు, రెండవది ప్రసార వ్యవస్థల చరిత్రకు సంబంధించినవిగా పైకి కనిపించినా, బెర్గ్ జీవితంలో ఇవి ఒకదానినొకటి విడిచి లేవు.

2. తొలి వేదిక: కొండల మీది హోటల్

గెర్ట్రూడ్ బెర్గ్ అసలు పేరు టిల్లీ ఎడెల్‌స్టైన్. 1899లో న్యూయార్క్ నగరంలోని హార్లెం ప్రాంతంలో, యూదు వలస కుటుంబంలో జన్మించారు. తండ్రి జేకబ్ ఎడెల్‌స్టైన్ క్యాట్స్‌కిల్స్ కొండల్లోని ఫ్లైష్‌మన్స్ అనే ఊళ్ళో వేసవి విడిది హోటల్ నడిపేవారు. నగరపు ఉక్క నుండి తప్పించుకోవడానికి వచ్చే యూదు కుటుంబాలే ఆ హోటల్ అతిథులు. వాన పడిన రోజుల్లో అతిథులు విసుగు చెంది వెళ్ళిపోకుండా ఉండేందుకు టిల్లీ చిన్న చిన్న హాస్య దృశ్యాలు రాసి ప్రదర్శించేవారు. ఈ దృశ్యాల్లో మాల్ట్‌కె టల్నిట్‌స్కీ అనే ఒక గృహిణి పాత్ర ఉండేది. తరువాత దేశమంతటికీ తెలిసిన మాలీ గోల్డ్‌బెర్గ్‌కు ఇది పూర్వరూపం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. బెర్గ్ రచన మొదటి నుండీ ఎదుట కూర్చున్న శ్రోతల కోసం, తానే పలకడానికి రాసిన రచన. అచ్చులో చదువుకునే పాఠకుణ్ణి ఉద్దేశించి ఆమె ఆరంభించలేదు. శ్రోతలు కూడా తమ ఇళ్ళలో వినిపించే యాసనే వేదిక మీద వింటున్నవారు. యాస తప్పితే వెంటనే పట్టుకోగలవారు. పాత్రోచిత భాష విషయంలో ఆమెకు దొరికిన మొదటి శిక్షణ ఇదే.

ఆమె బాల్యంలో ఒక విషాదం కూడా ఉంది. అన్న చిన్నతనంలోనే డిఫ్తీరియాతో మరణించాడు. ఆ దుఃఖం నుండి తల్లి కోలుకోలేకపోయింది. చివరకు మానసిక చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. అందరి బాధలనూ తీర్చే, ఏ చిక్కుకైనా దారి చూపే మాలీ పాత్రను, బెర్గ్‌కు సొంత ఇంట్లో దక్కని తల్లికి ప్రతిరూపంగా వ్యాఖ్యానించినవారు ఉన్నారు. ఈ వ్యాఖ్యానంలో కొంత సత్యం ఉన్నా, పాత్రను కేవలం జీవితచరిత్రకు కుదించడం వల్ల అందులోని భాషాశిల్పం మరుగున పడే ప్రమాదం ఉంది.

1918లో ఆమె లూయిస్ బెర్గ్‌ను వివాహం చేసుకున్నారు. ఆయన రసాయన ఇంజనీరు. ఆయన ఉద్యోగరీత్యా కొంతకాలం లూసియానాలోని చెరకు తోటల ప్రాంతంలో నివసించి, తిరిగి న్యూయార్క్ చేరారు. ఇద్దరు పిల్లల తల్లి అయిన తరువాతనే ఆమె ప్రసార రంగంలో ప్రవేశించారు.

3. రేడియో దశ: వాచికమే సర్వస్వం

1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. సరిగ్గా కొన్ని వారాలకు, నవంబరు 20న, ‘ద రైజ్ ఆఫ్ ద గోల్డ్‌బెర్గ్స్’ మొదటి భాగం ఎన్‌బీసీ రేడియోలో ప్రసారమైంది. బ్రాంక్స్‌లోని ఒక అపార్ట్‌మెంటులో దుస్తుల తయారీ వృత్తిలో ఉన్న జేక్, అతని భార్య మాలీ, పిల్లలు సామీ, రోజలీ, ఇంట్లోనే ఉండే డేవిడ్ మామయ్య — ఇదీ ఆ కుటుంబం. ఆర్థిక మాంద్యం పెరుగుతున్న కొద్దీ, పైకి రావాలని ఆశపడే ఒక సామాన్య కుటుంబపు కథ ఆ కుటుంబపు మతానికి, భాషకు సంబంధం లేని శ్రోతలకు కూడా తమ కథగా తోచింది.

మాలీ పాత్ర బెర్గ్‌కు దక్కిన తీరు ఆసక్తికరమైనది. ఆమె స్క్రిప్టును టైపు చేయించకుండా చేతిరాతలో, ఇతరులు చదవలేనంత గజిబిజిగా రాసి ఇచ్చారు. అధికారులు చదవలేక ఆమెనే చదివి వినిపించమన్నారు. ఆ పఠనమే పాత్ర ఎంపికను నిర్ణయించింది. దీన్ని చాలామంది చమత్కార కథగానే చెబుతారు. కాని ఇందులో ఒక సిద్ధాంతం కూడా ఇమిడి ఉంది. కాగితం మీది పాఠం అసంపూర్ణమని, రచయిత్రి కంఠంలోనే అది పూర్తవుతుందని ఆమె నిరూపించారు. వారానికి 75 డాలర్ల పారితోషికంతో, అందులోంచే సహనటులకూ చెల్లిస్తూ ఆమె ఈ ధారావాహికను ఆరంభించారు.

భారతీయ నాట్యశాస్త్రం చెప్పిన చతుర్విధాభినయంలో ఆంగిక, ఆహార్యాలకు రేడియోలో చోటు లేదు. సాత్త్వికం కూడా కంఠం ద్వారానే వ్యక్తం కావాలి. కనుక రేడియో నటుడికి వాచికమే సర్వస్వం. బెర్గ్ ఈ పరిమితిని రెండు విధాలుగా అధిగమించారు. మొదటిది, కాకువు మీద పట్టు. ఒకే మాటను ఆశ్చర్యంగా, నిందగా, ఓదార్పుగా పలకడంలో మాలీ స్వభావమంతా వెల్లడవుతుంది. రెండవది, ధ్వనుల వాస్తవికత. పాత్ర కోడిగుడ్లు వేయించే ఘట్టం ఉంటే స్టూడియోలో నిజంగానే గుడ్లు పగలగొట్టాలని ఆమె పట్టుబట్టేవారు. శ్రోతకు కనిపించని వంటగదిని చెవికి కట్టించడమే ఆమె ఉద్దేశం.

1931లో పెప్సోడెంట్ పళ్ళపొడి సంస్థ ప్రాయోజకత్వం లభించడంతో ధారావాహిక దాదాపు నిత్య ప్రసారమైంది. మొదటి పరంపర 1934లో ముగిసినా, మరికొంత కాలానికి పునఃప్రారంభమై, సబ్బుల తయారీ సంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ప్రాయోజకత్వంలో 1945 వరకు కొనసాగింది. ఇన్నేళ్ళలో ఆమె రాసిన స్క్రిప్టులు వేలకు వేలు. తెల్లవారుజామున లేచి రాయడం, పగలు రిహార్సల్, ఆపై ప్రత్యక్ష ప్రసారం — ఇదీ ఆమె దినచర్య. ఆమె అస్వస్థురాలై ప్రసారానికి రానప్పుడు వేలాది ఉత్తరాలు వచ్చిపడ్డాయి.

ఈ ధారావాహిక ఇతివృత్తాలు ఇంటి నాలుగు గోడలకే పరిమితం కాలేదు. 1939 ఏప్రిల్‌లో పాస్ఓవర్ పండుగ భోజన సమయంలో గోల్డ్‌బెర్గ్‌ల కిటికీ అద్దాన్ని బద్దలు కొడుతూ ఒక రాయి లోపల పడుతుంది. అంతకు ముందు నవంబరులో జర్మనీలో యూదుల దుకాణాల మీద, ప్రార్థనాలయాల మీద జరిగిన దాడులు శ్రోతల మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మాలీ పిల్లలను శాంతపరచి పండుగను కొనసాగిస్తుంది. హాస్య ధారావాహికకు ఇటువంటి ఘట్టం అనూహ్యమైనది. సబ్బుల ప్రకటనల మధ్య ఇంతటి భీతిని వినిపించడం రచన మీద పూర్తి అదుపు ఉన్న వ్యక్తికే సాధ్యమైంది.

4. పాత్రోచిత భాష: యాస ఎవరిది?

మాలీ మాట్లాడే ఇంగ్లీషు యిడ్డిష్ పదక్రమాన్ని అనుసరిస్తుంది. కర్మ ముందుకు వస్తుంది, క్రియ వెనక్కు జరుగుతుంది. ప్రశ్నకు జవాబు మరో ప్రశ్నగా వెలువడుతుంది. ఒక నానుడిని ఇంకొక నానుడితో కలగలిపి చెప్పడం ఆమెకు అలవాటు. అలా కలిసిపోయిన మాట తప్పుగా ఉన్నా, చెప్పదలచుకున్న భావం సరైన నానుడి కంటే స్పష్టంగా తగులుతుంది. హాస్యం పుట్టేది ఇక్కడే. మాలీకి ఇంగ్లీషు రాదని శ్రోత నవ్వడు. ఆమె చేతిలో ఇంగ్లీషు కొత్త మలుపు తిరిగిందని నవ్వుతాడు.

‘కన్యాశుల్కం’ నుండి పాత్రోచిత భాషను గురించి ఎంతో చర్చించుకున్న తెలుగు విమర్శకు ఈ సమస్య పరిచితమే. యాసను వాడడం ఒక్కటే వాస్తవికత కాదు. ఆ యాసను ఎవరు, ఏ దృష్టితో వాడుతున్నారన్నది కీలకం. ఈ భేదాన్ని అర్థం చేసుకోవడానికి సమకాలీనమైన ఒక ఉదాహరణ ఉంది. గోల్డ్‌బెర్గ్స్‌ను ప్రాయోజితం చేసిన పెప్సోడెంట్ సంస్థే ‘ఏమస్ అండ్ ఆండీ’ అనే మరో ధారావాహికనూ ప్రాయోజితం చేసింది. అందులో ఫ్రీమన్ గాస్డెన్, చార్ల్స్ కరెల్ అనే ఇద్దరు శ్వేతజాతి నటులు నల్లజాతి పాత్రల యాసను అనుకరించేవారు. రెండూ యాస మీద ఆధారపడిన హాస్యమే. ఒకే కాలానివి, ఒకే ప్రాయోజకుడివి. అయితే ఒకటి బయటివారు చేసిన అనుకరణ, రెండవది లోపలివారు చేసిన చిత్రణ.

‘లోపలివారు’ అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. బెర్గ్ అమెరికాలోనే పుట్టి పెరిగారు. ఆమె సొంత ఇంగ్లీషులో మాలీ యాస ఏ మాత్రమూ లేదు. ధారావాహిక విజయంతో న్యూయార్క్‌లోని సంపన్నుల వీధి పార్క్ అవెన్యూలో ఆమె నివసించారు. మాలీ భాష కోసం వలస యూదులు నివసించే లోయర్ ఈస్ట్ సైడ్ వీధులకు వెళ్ళి, అక్కడి మాటలు విని రాసుకునేవారు. కాబట్టి మాలీ భాష సహజ వాక్కు కాదు, శ్రమించి నిర్మించిన సాహిత్య భాష. తాతముత్తాతల భాషను మనుమరాలి తరం శ్రద్ధగా విని తిరిగి రచించిన తీరు ఇది. రంగస్థలం మీద వెక్కిరింపుగా స్థిరపడి ఉన్న ‘యూదు హాస్యగాడి’ యాసను ఆమె ఒక తల్లి నోట పెట్టి, దానికి గౌరవాన్ని కూర్చారు. ఆమె పాత్ర కూడా ఒక మూసేనని, యూదు తల్లి అన్న మూసకు ఆమే కొంత బాధ్యురాలని తరువాతి తరం ఆక్షేపించింది. ఆ ఆక్షేపణ పూర్తిగా కొట్టివేయదగినది కాదు. అయితే మూసగా మారినది ఆమె అనుకరణలే తప్ప, ఆమె సృష్టి కాదని గ్రహించాలి.

5. టెలివిజన్ దశ: కిటికీ అనే రంగస్థలం

1948లో బెర్గ్ తన పాత్రలను ‘మీ అండ్ మాలీ’ అనే నాటకంగా బ్రాడ్వే రంగస్థలం మీదికి తెచ్చారు. ఇందులో జేక్ పాత్రను అనుభవజ్ఞుడైన రంగస్థల నటుడు ఫిలిప్ లోబ్ ధరించారు. నాటకం కంఠానికి రూపాన్ని ఇచ్చింది. 1949 జనవరిలో ‘ద గోల్డ్‌బెర్గ్స్’ సీబీఎస్ టెలివిజన్‌లో ఆరంభమైంది. 1947లో వచ్చిన ‘మేరీ కే అండ్ జానీ’ తరువాత, అమెరికన్ టెలివిజన్‌లో వెలువడిన తొలి సిట్‌కామ్‌లలో ఇదొకటి. జేక్‌గా లోబ్ కొనసాగారు. డేవిడ్ మామయ్యగా ఈలై మింట్జ్, రోజలీగా ఆర్లీన్ మెక్‌క్వేడ్, సామీగా లారీ రాబిన్సన్ నటించారు.

టెలివిజన్ ఆమెకు ఆంగికాన్ని, ఆహార్యాన్ని ఇచ్చింది. అయినా ఆమె వాటిని పొదుపుగానే వాడారు. ఈ దశలో ఆమె కనుగొన్న ప్రధాన దృశ్య సాధనం కిటికీ. మాలీ తన అపార్ట్‌మెంటు కిటికీలోంచి గాలిగూటి అవతలి పొరుగింటి మిసెస్ బ్లూమ్‌ను కేకవేసి పిలుస్తుంది. అదే కిటికీలో మోచేతులు ఆనించి నేరుగా ప్రేక్షకులతో మాట్లాడుతుంది. టెలివిజన్ పెట్టె కూడా ఆ రోజుల్లో ఇంట్లోకి తెరుచుకున్న కొత్త కిటికీయే కనుక, ప్రేక్షకురాలు మాలీకి పొరుగింటామెగా మారుతుంది. మన నాటక పరిభాషలో చెప్పాలంటే, సూత్రధారుడు, నాయిక ఒకే వ్యక్తిలో కలిసిన ప్రక్రియ ఇది.

అయితే ఆ కిటికీకి మరో ఉపయోగం కూడా ఉంది. ప్రాయోజకులైన జనరల్ ఫుడ్స్ సంస్థ తయారు చేసే శాంకా కాఫీ డబ్బా ఆ కిటికీ గట్టు మీదే ఉండేది. మాలీ తన సంసారపు ముచ్చట్లు చెబుతూ చెబుతూ ఆ కాఫీ గుణగణాల్లోకి జారుకునేది. కథ ఎక్కడ ముగిసింది, ప్రకటన ఎక్కడ మొదలైందన్నది తెలియనంత సాఫీగా ఆ మార్పు జరిగేది. ఆ ప్రకటన భాగాన్ని కూడా బెర్గ్ పాత్ర స్వభావానికి తగినట్లే పలికేవారు. రచయిత్రి కర్తృత్వం, ప్రాయోజకుని యాజమాన్యం ఒకే చట్రంలో ఇమిడిన దృశ్యం అది. రెండింటి మధ్య విభేదం రానంత వరకు ఆ చట్రం చక్కగానే నిలిచింది.

1951 జనవరిలో జరిగిన ఎమ్మీ పురస్కారాల ప్రదానంలో, ఉత్తమ నటి విభాగంలో తొలిసారిగా ఇచ్చిన పురస్కారం బెర్గ్‌కే దక్కింది. ఆమె వృత్తి జీవితంలో ఇది శిఖరం. ఆ ఏడాది వేసవి నాటికి ధారావాహిక సీబీఎస్‌లో లేదు.

6. నల్లజాబితా: అధికారపు అసలు చిరునామా

1950 జూన్‌లో ‘రెడ్ చానెల్స్’ అనే చిన్న పుస్తకం వెలువడింది. రేడియో, టెలివిజన్ రంగాల్లో కమ్యూనిస్టు సానుభూతిపరులని ఆరోపిస్తూ 151 మంది పేర్లను అది ప్రకటించింది. నేరారోపణ లేదు, విచారణ లేదు, తీర్పు లేదు. పేరు అచ్చయితే చాలు, ప్రకటన సంస్థలు ఆ వ్యక్తికి పని ఇవ్వడానికి వెనుకాడేవి. ఆ జాబితాలో ఫిలిప్ లోబ్ పేరు ఉంది. నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీలో ఆయన చురుకైన కార్యకర్త. రిహార్సల్‌కు వేతనం వంటి హక్కుల కోసం పోరాడినవారు. తాను కమ్యూనిస్టును కానని ఆయన స్పష్టంగా ఖండించారు.

జనరల్ ఫుడ్స్ సంస్థ వైఖరి ఎలా ఉండబోతోందో ముందే సూచన అందింది. అదే సంస్థ ప్రాయోజకత్వంలోని ‘ది ఆల్డ్రిచ్ ఫ్యామిలీ’ ధారావాహిక నుండి జీన్ మ్యూర్ అనే నటిని 1950 ఆగస్టులో తొలగించారు. తరువాత లోబ్‌ను తొలగించమని బెర్గ్ మీద ఒత్తిడి వచ్చింది. ఆమె నిరాకరించారు. అవసరమైతే ఆ సంస్థ ఉత్పత్తులను బహిష్కరించమని ప్రజలను కోరుతానని హెచ్చరించినట్లు ఆమె జీవితచరిత్రకారులు నమోదు చేశారు. కొంతకాలం సంస్థ వెనక్కు తగ్గింది. కాని 1951లో ప్రాయోజకత్వాన్ని ఉపసంహరించుకుంది. సీబీఎస్ ధారావాహికను నిలిపివేసింది.

ఎన్‌బీసీ దీన్ని తీసుకోవడానికి ముందుకు వచ్చింది. అయితే లోబ్ ఉన్నంత కాలం ప్రాయోజకుడు దొరకలేదు. నెలలు గడిచాయి. ధారావాహిక మీద ఆధారపడిన నటులు, సాంకేతికులు ఉపాధి లేకుండా ఉన్నారు. 1952 జనవరిలో లోబ్ ఒక పరిహార ఒప్పందానికి అంగీకరించి వైదొలిగారు. ఆ వెంటనే ఫిబ్రవరిలో ధారావాహిక ఎన్‌బీసీలో తిరిగి మొదలైంది. జేక్ పాత్రలోకి మొదట హెరాల్డ్ స్టోన్, ఆపై రాబర్ట్ హెచ్. హారిస్ వచ్చారు. లోబ్‌కు తగిన పని దొరకలేదు. మానసిక వ్యాధిగ్రస్తుడైన కుమారుని చికిత్స భారం ఆయన మీద ఉంది. 1955 సెప్టెంబరు 1న న్యూయార్క్‌లోని ఒక హోటల్ గదిలో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. మార్టిన్ రిట్ దర్శకత్వం వహించిన ‘ద ఫ్రంట్’ (1976) చిత్రంలో లోబ్ మిత్రుడు జీరో మోస్టెల్ ధరించిన పాత్రకు ఈ విషాదమే ప్రేరణల్లో ఒకటి.

ఈ ఉదంతంలో బెర్గ్ పాత్రను అంచనా వేసేవారు రెండు అంచులకు వెళ్తుంటారు. ఆమెను ధైర్యశాలిగా కీర్తించేవారు 1951 వరకే కథ చెబుతారు. లొంగిపోయారని విమర్శించేవారు 1952 నుండి మొదలుపెడతారు. రెండూ జరిగాయన్నదే చరిత్ర. ఉత్తమ నటి పురస్కారం అందుకున్న ఏడాదే తన ధారావాహికను పోగొట్టుకోవడానికి ఆమె సిద్ధపడ్డారు. తరువాత, లోబ్ లేకుండానే దాన్ని తిరిగి నిలబెట్టుకున్నారు. ఈ రెండు చర్యల మధ్య ఆమె అభిప్రాయం మారిందనడానికి ఆధారం కనిపించదు. మారనిది ప్రసార వ్యవస్థ. జేక్ ఏం మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో నిర్ణయించే అధికారం ఇరవై ఏళ్ళుగా ఆమెదే. జేక్‌గా ఎవరు నటించవచ్చునో నిర్ణయించే అధికారం మాత్రం కాఫీ అమ్మే సంస్థకు దక్కింది. తెర మీద సామరస్యంగా కనిపించిన కిటికీ చట్రం ఇక్కడ విరిగిపోయింది.

7. లూసిల్ బాల్‌తో తులనాత్మక పరిశీలన

గోల్డ్‌బెర్గ్స్ సీబీఎస్ నుండి తప్పుకున్న 1951లోనే, అక్టోబరు 15న, అదే నెట్‌వర్క్‌లో ‘ఐ లవ్ లూసీ’ ప్రారంభమైంది. రెండేళ్ళకు లూసిల్ బాల్ కూడా ఇటువంటి ఆరోపణనే ఎదుర్కొన్నారు. 1936లో ఆమె కమ్యూనిస్టు పార్టీ ఓటరుగా నమోదైన విషయం 1953 సెప్టెంబరులో బహిర్గతమైంది. తాతను సంతోషపెట్టడానికే అలా చేశానని ఆమె కాంగ్రెస్ విచారణ సంఘానికి వివరించారు. ప్రాయోజకులైన ఫిలిప్ మోరిస్ సిగరెట్ సంస్థ ఆమెను వదులుకోలేదు. ధారావాహిక కొనసాగింది.

ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆరోపణ బలం కంటే ఆరోపితుని ఆర్థిక స్థానమే ఫలితాన్ని నిర్ణయించిందని స్పష్టమవుతుంది. లోబ్ విషయంలో ఉన్నది ఖండించిన ఆరోపణ. బాల్ విషయంలో ఉన్నది సంతకం చేసిన పత్రం. అయినా బాల్ నిలిచారు. ఆమె ధారావాహిక అప్పటికి దేశంలో అత్యధికులు చూస్తున్నది. అంతేకాక బాల్, ఆమె భర్త డెసి ఆర్నాజ్ కలిసి స్థాపించిన డెసిలూ సంస్థ ఆ ధారావాహికను నిర్మిస్తోంది. తమ పారితోషికంలో కొంత తగ్గించుకుని, చిత్రీకరించిన ఫిల్ముల మీద హక్కును వారు దక్కించుకున్నారు. ఆమె లేకపోతే ధారావాహికే లేదు. లోబ్ స్థానంలో మాత్రం మరొక నటుణ్ణి పెట్టవచ్చునని ప్రాయోజకులు భావించారు.

ఈ ఫిల్ముల ప్రస్తావన మరో ముఖ్యమైన అంశానికి దారితీస్తుంది. లూసీ ధారావాహికను మూడు కెమెరాలతో 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, ప్రేక్షకుల సమక్షంలో చిత్రీకరించారు. స్పష్టమైన ఆ ప్రతులు దశాబ్దాల తరబడి పునఃప్రసారమయ్యాయి. గోల్డ్‌బెర్గ్స్ 1955కు ముందు ప్రత్యక్ష ప్రసారం. తెర మీది బొమ్మను కెమెరాతో తిరిగి తీసే కినెస్కోప్ ప్రతులు కొన్ని మాత్రమే మిగిలాయి. వాటి నాణ్యత పునఃప్రసారానికి తగినది కాదు. 1955–56లో తీసిన 39 భాగాలు మాత్రమే మొదటి నుండీ ఫిల్ము మీద ఉన్నాయి. అప్పటికి కుటుంబం బ్రాంక్స్ విడిచి హావర్‌విల్ అనే శివారు పట్టణానికి తరలిపోయింది. గాలిగూటి మీదుగా పొరుగింటిని పిలిచే మాలీకి శివారులోని విడివిడి ఇళ్ళ మధ్య పిలవడానికి అంత దగ్గరగా పొరుగు లేదు. విస్తృతంగా భద్రపడినది ఆమె కళలో అంతగా బలం లేని భాగమే కావడం చరిత్ర చేసిన వక్రోక్తి.

8. చివరి దశ: పాత్ర నీడలో నటి

1956లో ధారావాహిక ముగిసింది. 1959లో లియొనార్డ్ స్పీగెల్‌గాస్ రచించిన ‘ఎ మెజారిటీ ఆఫ్ వన్’ నాటకంలో బెర్గ్, యుద్ధంలో కుమారుణ్ణి పోగొట్టుకున్న బ్రూక్లిన్ వితంతువుగా నటించారు. జపానీయుల మీద ద్వేషాన్ని జయించి ఒక జపాన్ వ్యాపారితో స్నేహం చేసే పాత్ర అది. ఆ వ్యాపారిగా సెడ్రిక్ హార్డ్‌విక్ నటించారు. బెర్గ్‌కు ఉత్తమ నటిగా టోనీ పురస్కారం లభించింది. మాలీ నీడ ఈ పాత్ర మీద ఉన్నప్పటికీ, ఇతరుల పాఠాన్ని కూడా తన కంఠంలో నిలబెట్టగలనని ఆమె దీనితో నిరూపించారు. అయితే 1961లో ఈ నాటకం సినిమాగా వచ్చినప్పుడు ఆ పాత్ర ఆమెకు దక్కలేదు, రోజలిండ్ రసెల్ ధరించారు. రంగస్థలం మీద ఆమె రుజువు చేసుకున్న ప్రతిభకు హాలీవుడ్ తూకంలో విలువ చాలలేదు.

అదే ఏడాది కుమారుడు చెర్నీ బెర్గ్ సహకారంతో ఆమె ఆత్మకథ ‘మాలీ అండ్ మీ’ వెలువడింది. శీర్షికలో పాత్ర పేరు ముందు, రచయిత్రి తరువాత. అంతకు ముందు 1955లో మైరా వాల్డోతో కలిసి మాలీ పేరుతోనే ఒక వంటల పుస్తకం కూడా ప్రచురించారు. సృష్టించిన పాత్ర సృష్టికర్తను కప్పివేయడాన్ని ఆమె అడ్డుకోలేదు, ప్రోత్సహించారనే చెప్పాలి. కర్తగా ఆమె మరుగున పడడంలో ఈ వైఖరికి కూడా భాగం ఉంది. 1961–62లో, మధ్యవయసు దాటి కళాశాలలో చేరిన వితంతువు కథగా సాగిన ‘మిసెస్ జి. గోస్ టు కాలేజ్’ ఆమె చివరి టెలివిజన్ ధారావాహిక. అది ఒకే సీజన్ నడిచింది. 1966 సెప్టెంబరు 14న ఆమె న్యూయార్క్‌లో మరణించారు. తొలి ప్రదర్శనలు ఇచ్చిన ఫ్లైష్‌మన్స్ ఊరి సమీపంలోనే ఆమెను సమాధి చేశారు.

9. ముగింపు

బెర్గ్ స్క్రిప్టులు, పత్రాలు సిరాక్యూస్ విశ్వవిద్యాలయంలో భద్రపరచబడ్డాయి. 2009లో అవీవా కెంప్నర్ తీసిన డాక్యుమెంటరీ ఆమె పేరును కొత్త తరానికి తిరిగి పరిచయం చేసింది. మిగిలిన ప్రసార ప్రతుల్లో కొన్ని డీవీడీ రూపంలో వెలువడ్డాయి. ఈ ఆధారాల నుండి రూపుదిద్దుకుంటున్న చిత్రం ఒక హాస్యనటిది మాత్రమే కాదు. రోజుకో నాటిక చొప్పున, వలస కుటుంబపు వాడుక భాషలో, ఒకే పాత్రను దాదాపు మూడు దశాబ్దాల పాటు రాసిన ఒక రచయిత్రిది.

ఈ పరిశీలన వల్ల తేలిన విషయాలు మూడు. మొదటిది, ప్రసార మాధ్యమాల్లో పాఠం, పఠనం విడదీయరానివి. బెర్గ్ విషయంలో చేతిరాత ప్రతి ఎంత ముఖ్యమో కంఠం అంత ముఖ్యం. ప్రత్యక్ష ప్రసారాలతో మొదలై, స్క్రిప్టులే తప్ప ధ్వని ప్రతులు అంతగా మిగలని నాటికలను అధ్యయనం చేసే తెలుగు రేడియో నాటక పరిశోధకులకు కూడా ఈ అంశం విచారణీయం. రెండవది, కర్తృత్వం, యాజమాన్యం ఒకటి కావు. బెర్గ్‌కు మొదటిది సంపూర్ణంగా ఉంది. రెండవది లేకపోవడం వల్ల తన నాటకంలో తన సహచరునికి చోటు నిలపలేకపోయారు. మూడవది, ఒక కళాకారిణి చరిత్రలో నిలవడం ప్రతిభను బట్టి మాత్రమే జరగదు. ఆ ప్రతిభ ఏ పదార్థం మీద ముద్రితమైంది, ఆ పదార్థం ఎవరి స్వాధీనంలో ఉందన్న దానిని బట్టి కూడా జరుగుతుంది.

ఉత్తమ నటి పురస్కారాన్ని తొలిసారి అందుకున్న వ్యక్తిగా ఆమె పేరు జాబితాల్లో ఎప్పటికీ ఉంటుంది. ఆ జాబితాకు పక్కనే ‘రెడ్ చానెల్స్’ జాబితాను కూడా పెట్టి చదివినప్పుడే ఆమె వృత్తి జీవితం పూర్తిగా అర్థమవుతుంది. ఒకదానిలో ఆమె పేరు ఉంది, మరొకదానిలో ఆమె జేక్ పేరు ఉంది.